కాడి బరువు: జీపు వెనక ఇల్లు కట్టుకునే ముందు ఒక పాఠం

మన కాలేజీలో జీపుల పిచ్చి ఉన్నవాళ్లకు కొదవ లేదు. హాస్టల్ గోడల మీద థార్ పోస్టర్లు, ఫోన్ల నిండా లద్దాఖ్ వీడియోలు. ఈ మధ్య ఆ వీడియోల్లో ఇంకొకటి చేరింది. జీపు వెనక చిన్న ట్రెయిలర్, అందులో పరుపు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, పైన మడత టెంటు. చూసినవాళ్లందరూ జీపు గురించే అడుగుతారు: ఎన్ని హెచ్‌పీ, టార్క్ ఎంత, టైరు సైజెంత? వెనకున్న ట్రెయిలర్ గురించి ఎవరూ అడగరు.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. మాది ఉప్పుగూడ. మూడేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా మా రైల్వే స్టేషన్‌కు కొంచెం దూరంలో ఉన్న ఒక షెడ్డులో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. పాత జీపులు, జిప్సీలు, థార్‌లు అక్కడికి వస్తుంటాయి. అప్పుడప్పుడు ట్రెయిలర్లు కూడా తయారు చేస్తాం. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. ట్రెయిలర్ ముక్కు మీద ఎంత బరువు పడుతోంది? ఫస్టియర్ ఇంజనీరింగ్ మెకానిక్స్ గుర్తున్నవాళ్లు ఎవరైనా ఈ లెక్క వేయొచ్చు. వేయకపోతే ఏమవుతుందో కూడా చెప్తాను.

ముందు మాట గురించి రెండు మాటలు

ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి పదంతో మొదలుపెడదాం. ఇంగ్లీషువాళ్లు వాడే ‘కారవాన్’ పారసీ ‘కార్వాన్’ నుంచి వెళ్లిందే. అదే మాట మన ఊళ్లో పురానాపూల్ అవతల ఒక పేటగా స్థిరపడింది. గోల్కొండ వజ్రాల వ్యాపారం సాగిన రోజుల్లో వర్తకుల బిడార్లు దిగిన చోటే నేటి కార్వాన్. 17వ శతాబ్దంలో ఈ దారుల్లో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే, బియ్యం, ఉప్పు మోసుకుపోయే 10,000, 12,000 ఎద్దుల బిడార్లను గురించి రాశాడు. ఆ ఎద్దులను తోలినవాళ్లు పెళ్లాం పిల్లలతో, గుడారాలతో సహా కదిలేవాళ్లు. వాళ్ల ‘తండా’ అప్పట్లో నడిచే ఊరు. ఇప్పుడు స్థిరంగా ఉన్న ఊరికి అదే పేరు మిగిలింది.

మన ‘బిడారు’ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దారిలో దిగే విడిదికీ అదే మాట, ప్రయాణం చేసే గుంపుకీ అదే మాట. పోవడం, దిగడం రెండూ ఒకే మాటలో ఉన్నాయి. క్యాంపింగ్ ట్రెయిలర్ అంటే సరిగ్గా అదే కదా! రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు గూడు కట్టిన ఎడ్లబండ్లలో గిన్నెలు, బియ్యం, గడ్డి వేసుకుని వెళ్లి, రోజుల తరబడి బండి కిందే వండుకుని పడుకున్న తరం మన ఇళ్లల్లో ఇంకా ఉంది. కాబట్టి ఇది మనకు కొత్త విద్య కాదు. ఎద్దుల బదులు ఇంజను వచ్చింది, అంతే.

రోడ్డు దిగాక జీపు చేసే పని

ట్రెయిలర్ దగ్గరికి వెళ్లేముందు లాగే బండి సంగతి క్లుప్తంగా చూద్దాం. హెచ్‌పీ తప్ప ఇంకేదీ అడగని మిత్రులకు ఈ నాలుగు ముక్కలు.

ఒకటి, టైరు గాలి. 1,800 కిలోల బండి అనుకుందాం. ఒక్కో చక్రం మీద 450 కిలోలు. టైరులో 32 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.25 కిలోల గాలి ఉంటే, నేలను తాకే వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. గాలిని 16కు దించితే అది 400 అవుతుంది. అంటే 14 సెంటీమీటర్ల చదరం కాస్తా 20 సెంటీమీటర్ల చదరం అయింది. టైరు గోడల బిగువు వల్ల నిజంలో లెక్క ఇంత శుభ్రంగా రాదు గానీ దారి మాత్రం ఇదే. వాగు ఇసుకలో, వదులు చెల్క నేలలో దిగబడకుండా బయటికి రావడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టాలి. లేకపోతే టైరు గోడలు వేడెక్కి చినుగుతాయి.

తడిసిన రేగడికి మాత్రం ఈ మందు పెద్దగా పనిచేయదు. ఆ మట్టి టైరు గాళ్లలో నిండి టైరును గుండు చేసేస్తుంది. వికారాబాద్ వైపు వెళ్లినప్పుడు ఉస్తాద్ రేగడి చేను గట్టున జీపు ఆపేసి, “ఇది ఎండెదాక చాయ్ తాగుదం” అన్నాడు. రెండు గంటలు కూర్చున్నాం. ఆరోజు నేను నేర్చుకున్న ఆఫ్‌రోడింగ్ అదే.

రెండు, లో రేంజ్. థార్‌లో ఫోర్ లో వేస్తే టార్క్ 2.48 రెట్లు అవుతుంది, వేగం అంతే వంతున తగ్గుతుంది. బలం ఇంజనులో పుట్టలేదు. వేగాన్ని అమ్మి బలాన్ని కొనుక్కున్నాం. బండరాళ్ల మీద నిదానంగా ఎక్కడానికి, బ్రేకు తొక్కకుండా దిగడానికి కావలసింది ఇదే.

మూడు, డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా టార్క్ పంచుతుంది. ఒక చక్రం గాల్లో లేచి ఊరికే తిరుగుతుంటే దానికి పట్టే టార్క్ దాదాపు సున్నా. రెండోదానికి కూడా అంతే అందుతుంది. లాక్ చేసే డిఫరెన్షియల్ ఎందుకో ఇప్పుడు అర్థమైందిగా.

నాలుగు, కోణాలు. మూడు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2,250 మిల్లీమీటర్లు, ఐదు డోర్లదానిది 2,590. గ్రౌండ్ క్లియరెన్స్ రెండింటికీ 210. అయినా గట్టు దాటేటప్పుడు పొట్ట తగలని కోణం మొదటిదానికి 28 డిగ్రీలు, రెండోదానికి 24. అంటే ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, పొడవు కూడా చూడాలి. వెనక ట్రెయిలర్ తగిలించామంటే ఈ కోణాల లెక్క మళ్లీ మారిపోతుంది. బండి తోకకు ఎంత మంచి కోణం ఉన్నా, దాని కింద వేలాడే హుక్కు ముందు గట్టును తాకుతుంది.

జీపుకు తోబుట్టువు

ఆఫ్‌రోడ్ ట్రెయిలర్ ఎలా ఉండాలో 1940లలోనే ఒకళ్లు చేసి చూపించారు. అమెరికా సైన్యం అడిగిన చిన్న బండిని అందరికంటే ముందు తయారుచేసి 1940 సెప్టెంబరులో అప్పజెప్పింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ వెళ్లాయి. బాంటమ్ చేసిన జీపులు మూడు వేల లోపే. తర్వాత ఆ కంపెనీ జీపు వెనక కట్టే పావు టన్ను ట్రెయిలర్లు చేస్తూ యుద్ధకాలం గడిపింది.

ఆ ట్రెయిలర్ డిజైన్ ఇప్పటికీ పాఠమే. జీపుకున్న చక్రాలే దానికీ వేశారు, కాబట్టి ఒకే స్టెప్నీ రెండింటికీ సరిపోతుంది. ముందు చక్రాలు తొక్కిన జాడలోనే వెనక చక్రాలు నడుస్తాయి. తొట్టిని నీళ్లు చొరకుండా కట్టారు కాబట్టి వాగులో తేలుతుంది. ముక్కున ఇనుప కడియం, జీపుకు కొక్కెం. దాంతో జీపు ఒక పక్కకు, ట్రెయిలర్ ఇంకో పక్కకు ఒరిగినా తగిలింపు విరగదు. మన దగ్గర షెడ్డుల్లో ట్రెయిలర్ చేయించుకునేవాళ్లు ముందు రంగు గురించి అడుగుతారు. అడగవలసినవి ఈ మూడు: చక్రాలు ఒకటేనా, జాడ ఒకటేనా, ముక్కు ఎటైనా తిరుగుతుందా?

తాత చెప్పిన లెక్క

మా తాతది కల్వకుర్తి వైపు ఊరు. యాభై ఏళ్లు బండి కట్టినవాడు. ట్రెయిలర్ ముక్కు బరువు గురించి మా పుస్తకంలో చదివి ఇంట్లో చెప్తుంటే, ఆయన మంచం మీంచే అన్నాడు: “గిదేం కొత్త ముచ్చటరా. ఎనకబరువైతే కాడి లేస్తది, ఎద్దు మెడకు పలుపు బిగుస్తది. ముంగటబరువైతే కాడి కుంగి మెడ పుండైతది. బస్తాలు ఇరుసు మీదికి జరుపుకోవాలె. కాడి మీద జెరంత బరువే ఉండాలె. అసలు లేకపోయినా తప్పే.”

ఇంజనీరింగ్ పుస్తకం చెప్పేది కూడా ఇంతే. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద పడాలి. తక్కువైతే ట్రెయిలర్ ఊగుతుంది. మరీ ఎక్కువైతే లాగే బండి వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుంది. అందుకే ఈ బరువుకు నేను పెట్టుకున్న పేరు కాడి బరువు. ఎద్దుకైతే నొప్పి తెలుస్తుంది, ఆగిపోతుంది. జీపుకు తెలియదు. అందుకని మనమే తూకం వేయాలి.

ఒక ట్యాంకు కథ

పోయిన ఏడాది ఒక కస్టమర్ థార్ వెనక కట్టుకోవడానికి ట్రెయిలర్ చేయించుకున్నాడు. పాప పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయాలి, శనివారం పొద్దున ముహూర్తం. భార్య, పాప, అమ్మానాన్న అందరూ వెళ్తున్నారు. వంటగది ట్రెయిలర్ తోకలో ఉండాలి, నీళ్ల ట్యాంకు దాని పక్కనే ఉండాలి అని ఆయన మొదట్నుంచీ పట్టుబట్టాడు. ట్యాంకు కూడా తనే తెచ్చి, ఇంకో చోట బిగించుకొచ్చాడు. బుధవారం ఖాళీ ట్యాంకుతో తుక్కుగూడ దాకా తోలి చూసి, “మస్తుగ నడుస్తుంది భాయ్” అన్నాడు.

గురువారం సాయంత్రం సామాను, నీళ్లు నింపి తెచ్చాడు. ఉస్తాద్ జాకీ చక్రం దగ్గర ముక్కును ఒంటి చేత్తో లేపి, నా వైపు చూసి, “ఇంజనీర్ సాబ్, జెర తూకం పెట్టు” అన్నాడు.

ఎలా తూకం వేస్తారో చెప్తాను, ఎవరైనా చేయొచ్చు. ట్రెయిలర్‌ను చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంట్లో మనుషులు తూగే మిషను తెచ్చి, దాని మీద చెక్క దుంగ పెట్టి, ముక్కు సరిగ్గా జీపు హుక్కు ఉండే ఎత్తుకు వచ్చేలా దుంగ మీద ఆనించాలి. దుంగ బరువు తీసేస్తే మిగిలేది కాడి బరువు.

మొత్తం ట్రెయిలర్ 500 కిలోలు. మిషను చూపించింది 20 కిలోలు. అంటే 4 శాతం.

మరి నిన్న ఎందుకు బాగా నడిచింది? లెక్క చూడండి. ముక్కు నుంచి ఇరుసుకు దూరం 2.4 మీటర్లు. ట్యాంకు ఇరుసుకు 1 మీటరు వెనక ఉంది. నిండు ట్యాంకులో నీళ్లు 80 కిలోలు. అవి ముక్కును పైకి లేపే బలం 80 × 1 ÷ 2.4, అంటే 33 కిలోలు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కాడి బరువు 20 + 33 = 53. అప్పటి మొత్తం బరువు 420. శాతం 12.7. ఖాళీ ట్యాంకుతో అది చాలా మంచి ట్రెయిలర్. నీళ్లు నింపగానే ప్రమాదకరమైన ట్రెయిలర్. పరీక్ష జరిగింది మొదటిదానికి, శ్రీశైలం పోబోయేది రెండోది.

కస్టమర్ చదువుకున్నవాడే. వెంటనే ఉపాయం చెప్పాడు: “ముందర టూల్ బాక్సులో 40 కిలోల సామాను పెడదాం. 60 అయితది కద.” కాగితం మీద అవుతుంది. 540కి 60, అంటే 11 శాతం. కానీ దారిలో నీళ్లు వాడేస్తే? 20 + 40 + 33 = 93, మొత్తం 460. అది 20 శాతం. పొద్దున తోక బరువు, సాయంత్రం ముక్కు బరువు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బరువును రెండు చివర్లలో పెడితే తూకం సరిపోయినా జడత్వ భ్రామకం పెరుగుతుంది. ఇరుసుకు 1 మీటరు దూరంలోని 80 కిలోలకు అది 80 యూనిట్లు. అవే నీళ్లు 0.2 మీటర్ల దూరంలో ఉంటే 3.2 యూనిట్లు మాత్రమే. 25 రెట్ల తేడా. రెండు కొసలా బరువున్న కర్ర ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం ఎంత కష్టమో చేత్తో తిప్పి చూస్తే తెలుస్తుంది.

పరిష్కారం ఒక్కటే. ట్యాంకును నేల కిందికి దించి, ఇరుసుకు 0.2 మీటర్లు ముందుకు తేవాలి. 80 కిలోలు 1.2 మీటర్లు జరిగితే ముక్కు మీద పెరిగేది 80 × 1.2 ÷ 2.4 = 40 కిలోలు. అంటే 60, మొత్తంలో 12 శాతం. నీళ్లు అయిపోయినా 53, అంటే 12.7 శాతం. నిండుగా ఉన్నా ఖాళీ అయినా బండి ఒకేలా ఉంటుంది.

కానీ దానికి రాత్రంతా పని ఉంది. కస్టమర్‌కు కోపం వచ్చింది. “నేను నిదానంగ పోతా భాయ్, బండి ఇచ్చెయ్. బాకీ ఇప్పుడే ఇస్త” అన్నాడు. ఆ బాకీ ఉస్తాద్‌కు చిన్న మొత్తం కాదు. ఆ నెల షెడ్డు కిరాయి కూడా అందులోనే ఉంది. ఉస్తాద్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “సాబ్, మన్ననూరు దాటినంక ఘాట్ ఉన్నది. బండ్లె పాప ఉంటది. ట్యాంకు జరిపేదాక ఈ బండి గేటు దాటదు. పైసలు మీరు శ్రీశైలం నుంచి వచ్చినంకనే ఇయ్యుండ్రి.”

కస్టమర్ ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయాడు. తిరిగి వస్తాడో రాడో మాకు తెలియదు. అయినా పని మొదలుపెట్టాం. పాత బ్రాకెట్లు కోసి, ఇరుసు ముందు అడ్డ చానల్ వెల్డింగ్ చేసి, ట్యాంకు బిగించి, వెనక వంటగదికి పైపు, చిన్న పంపు వేశాం. నీళ్లు అటూ ఇటూ కొట్టుకోకుండా ట్యాంకులో అడ్డుపలకలు పెట్టాం. తెల్లవారి మళ్లీ తూకం వేస్తే 60కి ఒక కిలో అటూ ఇటూ. పదకొండు గంటలకు కస్టమర్ వచ్చాడు, వాళ్ల నాన్నను తీసుకుని. ఆ పెద్దాయన ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు పట్టుకుని లేపి చూసి, “ఇప్పుడు కాడి కుదిరింది” అన్నాడు. ఆయన కూడా ఎప్పుడో బండి కట్టినవాడే. మన్ననూరు దగ్గర రాత్రి గేటు మూసేలోపు అడవి దాటాలని మధ్యాహ్నానికే బయల్దేరారు.

అసలు ఎందుకు ఊగుతుంది?

పక్కకు ఊగే ట్రెయిలర్‌ను తిరిగి దారిలోకి తెచ్చేది దాని టైర్లు. టైరు ఎంత వంకరగా జారితే అంత పక్క బలం ఇస్తుంది. ఆ వంకర కోణం దాదాపుగా పక్కకు కదిలే వేగాన్ని ముందుకు వెళ్లే వేగంతో భాగిస్తే వచ్చేది. బండి వేగం పెరిగితే అదే ఊపుకు కోణం తగ్గుతుంది, అంటే ఊగడాన్ని అణిచే శక్తి తగ్గుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ అంతకు ముందుదానికంటే పెద్దదవుతుంది. తోక బరువైన ట్రెయిలర్‌కు ఆ వేగం చాలా కిందే వచ్చేస్తుంది. పైగా అది జీపు వెనక భాగాన్ని పైకి లేపి, అక్కడి టైర్ల పట్టును కూడా తగ్గిస్తుంది. దిగుడులో ట్రెయిలర్ వెనక నుంచి నెడుతుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఊగడం మొదలైతే ఏం చేయాలి? యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. స్టీరింగు నిటారుగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పబోతే మన చెయ్యి ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యమే, ఊపు పెరుగుతుంది. జీపు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ట్రెయిలర్‌కు విడిగా బ్రేకు ఉంటే దాన్ని మెల్లగా వాడాలి. వేగం పెంచితే సర్దుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

దీన్ని జిమ్‌లోని ట్రెడ్‌మిల్ మీద చూడొచ్చు. బొమ్మ ట్రెయిలర్ చేసి, దాని ముక్కును అటూ ఇటూ తిరిగేలా బొమ్మ కారుకు తగిలించి, బరువును ఒకసారి ముందు, ఒకసారి వెనక పెట్టి, పక్కకు వేలితో తట్టి చూడండి. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్లకు ఇది ఉచిత సలహా.

చట్టం, అడవి

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రెయిలర్ కూడా రిజిస్ట్రేషన్ చేయించవలసిన వాహనమే. దానికి విడిగా నంబరు ఉండాలి, లాగే బండి నంబరు కూడా దాని మీద కనిపించాలి. లైట్లు, ఇండికేటర్లు జీపుతో పాటు పనిచేయాలి. లాగే బండి ఎంత బరువు లాగొచ్చో దాని హ్యాండ్‌బుక్కులో చూశాకే ట్రెయిలర్ కొలతలు గీయాలి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నచ్చిన చోట బండి దింపి టెంటు వేయడం కుదరదు. అటవీశాఖ అనుమతించిన చోటే దిగాలి. రైతు పొలంలో దిగాలంటే రైతును అడగాలి. ఎండిన చెరువైనా సరే, అందులో డోనట్లు కొట్టడం ఆఫ్‌రోడింగ్ కాదు. టైరు జాడ పడిన గడ్డి మళ్లీ లేవడానికి వానాకాలం రావాలి.

బయల్దేరే ముందు

1. కాడి బరువు రెండుసార్లు తూకం వేయండి: ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి. రెండూ 10 నుంచి 15 శాతం మధ్యలో ఉండాలి.

2. దారిలో తగ్గే బరువులు, అంటే నీళ్లు, గ్యాసు, బియ్యం, ఇరుసుకు దగ్గరగా, కింద పెట్టండి.

3. రెండు కొసల్లో బరువు పెట్టి తూకం సరిచేసుకోకండి.

4. ముక్కు పిన్ను, సేఫ్టీ గొలుసులు, లైట్లు చేత్తో ముట్టుకుని చూడండి. పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ చూడండి. చక్రం నట్లు మొదటిసారి కాస్త వదులయ్యే అవకాశం ఉంది.

5. టైరు గాలి దించే సాధనం ఉంటే సరిపోదు, మళ్లీ కొట్టే పంపు కూడా ఉండాలి.

6. ఖాళీ మైదానంలో రివర్స్ నేర్చుకోండి. స్టీరింగును కింది భాగంలో పట్టుకుంటే చెయ్యి ఎటు పోతే ట్రెయిలర్ అటు పోతుంది.

మొత్తం సామానులో అన్నింటికంటే చవకైనది ఆ తూకం మిషను. మీ దగ్గర లేకపోతే ఆదివారం పొద్దున ఉప్పుగూడ లోకల్ ఎక్కి రండి. మా షెడ్డులో ఉంది, చాయ్ కూడా దొరుకుతుంది.